నీలం పట్టని స్లైడు

తిరువూరు బస్టాండు ఎదురు సందులో ల్యాబ్ పెట్టడానికి గది తీసుకున్న రోజున వంశీకృష్ణ చేతిలో ఉన్నది నాలుగు లక్షల పన్నెండు వేలు. అందులో మైక్రోస్కోపే లక్షా ఎనభై మింగింది. ఫ్రిజ్జు, సెంట్రిఫ్యూజు, రెండు బల్లలు, గ్లాసు తలుపు, దాని మీద ఎర్రక్షరాలు పోను ఆరో రోజుకి మిగిలింది పదకొండు వందలు. ఇరవై ఆరేళ్లవాడు. వినగడప నుంచి రోజూ బండి మీద వచ్చి పోతాడు. రోజుకి ఇరవై రెండు టెస్టులొస్తే ఏడాదిన్నరలో నిలదొక్కుకోవచ్చని లెక్క కట్టి, ఆ ఇరవై రెండుని పెన్సిల్‌తో గోడ మీద రాసుకున్నాడు. మార్చి నెలాఖరుకి పద్దెనిమిది వస్తున్నాయి.

పొద్దున ఆరున్నరకి షట్టరు ఎత్తేసరికే నలుగురైదుగురు మెట్ల మీద కూర్చుని ఉంటారు. ఆ వెనకే జోజమ్మ వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు రక్తం తీసి రిటైరైన మనిషి. సూది గుచ్చేముందు "అటు చూడు నాయనా, నీ బస్సు వెళ్లిపోతోంది" అంటుంది. వాళ్లు కంగారుగా తల తిప్పేలోపు పని అయిపోతుంది. ఒక పెద్దాయన షుగరు టెస్టుకొచ్చి, "పరగడుపేనమ్మా, రెండు ఇడ్లీలే తిన్నా" అన్నాడు. "అయితే రేపు ఆ రెండూ ఇక్కడికి పట్టుకురా తాతా. నేను తింటాను, నువ్వు సూది పొడిపించుకుందువుగాని" అని పంపేసింది.

వంశీకి షుగరు టెస్టులతోనే బతికెయ్యాలని లేదు. హైదరాబాదులో పిల్లలు లేనివాళ్ల కోసం పెట్టిన పెద్ద ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేసి, ఒక పరీక్ష చేతిలో పట్టుకొచ్చాడు. మగవాళ్ల శాంపిల్‌లో కణాలు ఎన్ని ఉన్నాయి, ఎంత చురుగ్గా కదులుతున్నాయి అన్నది అందరూ చూస్తారు. అవి పక్వానికి వచ్చాయా లేదా అన్నది చాలామంది చూడరు. శాంపిల్‌ని గాజు స్లైడు మీద పల్చగా పూసి, ఆరబెట్టి, మందులో కదలకుండా స్థిరపరచి, నీలం రంగులో ఐదు నిమిషాలు ఉంచి కడుగుతారు. పచ్చిగా ఉన్న కణం తల నీలాన్ని పీల్చుకుంటుంది. పక్వమైనది రంగుని దగ్గరికి రానివ్వదు, తెల్లగా ఉండిపోతుంది. రెండు వందల కణాలు లెక్కపెట్టి నీలంవి ఎన్నో చెప్పాలి. నూటికి పాతిక లోపుంటే ఫరవాలేదు. అంతకు మించితే, పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది గానీ కడుపు పండటం కష్టమవుతుంది.

ఆ పరీక్షకి వచ్చిన మొదటి మనిషి, ఆ గది ఓనరు శ్రీరాములు గారి కొడుకు ఉదయ్ కుమార్.

ఉదయ్ దగ్గర ఏదీ పండదు. ఈ సంగతి తిరువూరులో పాలవాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ తెలుసు. అతను ఇంట్లో ఉంటే పాలు తోడుకోవు, అందుకని వాళ్లమ్మ సీతామహాలక్ష్మి పక్కింట్లో తోడు పెట్టుకుంటుంది. దోసెల పిండి డాబా మీదకి తీసుకెళ్తేగానీ పులవదు. పెళ్లిళ్లకి ముందు రోజే పూలమాలలు తెప్పించినవాళ్లు, మొగ్గ విచ్చకుండా ఉంటుందని అతన్ని బతిమాలి పూలబుట్టల పక్కన పడుకోబెడతారు. పదహారో ఏట తండ్రి టేపు పెట్టి కొలిచాడు. చుట్టూ తొమ్మిది అడుగులు. పదో అడుగు దగ్గర లోకం మామూలుగానే నడుస్తుంది.

శ్రీరాములు గారిది మామిడికాయల కమీషన్ కొట్టు. సీజనులో ఉదయ్ లారీ లోడు నడిమధ్యన, ట్రేల మధ్య వదిలిన గోతిలో పరుపు వేసుకుని కూర్చుంటాడు. ఢిల్లీ దాకా నాలుగు రోజులు, ఒక్క కాయ రంగు తిరగదు. లారీ వెనకాల చివరి అడుగులో ఉన్న ట్రేలు మాత్రం దారిలో దోరగిల్లుతాయి. వాటిని డ్రైవరూ క్లీనరూ తినేస్తారు, అది వాళ్ల మామూలు.

ఇంత పేరున్న కొడుక్కి పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరు. భార్యాభర్తలిద్దరి టెస్టులూ బాగానే ఉన్నాయనీ, ఇక అబ్బాయి కణాల పక్వత కూడా ఒకసారి చూపించమనీ విజయవాడ డాక్టరమ్మ రాసిచ్చింది. "మన గదిలోనే చేస్తున్నారట, అంత దూరం ఎందుకు" అని శ్రీరాములు గారే ఏప్రిల్ మొదటివారంలో కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఉదయ్ వెనక గదిలో శాంపిల్ ఇచ్చి, బయటికొచ్చి, ప్లైవుడ్డు తడిక పక్కన కుర్చీలో చేతులు మడుచుకుని కూర్చున్నాడు. తడికకి ఇవతల వంశీ రంగు వేస్తున్నాడు. మొదట మామూలు లెక్క చూశాడు. మిల్లీలీటరుకి ఐదు కోట్ల ఎనభై లక్షలు, సగానికి పైగా చురుగ్గా ఈదుతున్నాయి. తర్వాత నీలం స్లైడు పెట్టాడు. యాభై చూశాడు, ఒక్కటీ నీలం లేదు. నూరు. నూట యాభై. రెండు వందలకి సున్నా.

వంశీ సంతోషంగా తల ఎత్తాడు. పుస్తకాల్లో కూడా చూడని అంకె. చేసిన మొదటి పరీక్ష, అదీ గది ఓనరు గారి కొడుక్కి! కాగితం మీద టైపు చేశాడు: పచ్చికణాలు సున్నా శాతం. పక్వత సంపూర్ణం.

శ్రీరాములు గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "అయితే మావాడిలో ఏ లోపమూ లేదన్నమాట."

"లేదండి" అన్నాడు వంశీ.

కాగితం మీద లేని మాట అది. అడిగారు కదా అని అనేశాడు.

మే నెల మూడో వారం, బుధవారం మధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తబడేంత ఎండ. గ్లాసు తలుపు తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. గొడుగు మడిచి, చెమట తుడుచుకుని, అదే కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"నా పేరు సాయిప్రసన్న. ఉదయ్ గారి భార్యని."

"తెలుసండి. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. ఒక లెక్క అడగడానికొచ్చాను." గొడుగుని బల్లకి ఆనించింది. "ఈ కాగితం వచ్చాక మా అత్తగారు అన్నం దగ్గర నాతో మాట్లాడటం మానేశారు. రేపు పదింటికి కొట్లో పెద్దమనుషులు కూర్చుంటున్నారు. మా నాన్నని పిలిపించారు. విడిపోతున్నట్టు కాగితం రాయిస్తారట. మావారు పన్నెండింటికి లారీతో ఢిల్లీ వెళ్లాలి కాబట్టి ఆలోపు సంతకాలు అయిపోవాలట."

వంశీ కాగితాన్ని ఇటు తిప్పుకుని చూశాడు.

"విజయవాడలో నాకు మూడుసార్లు పరీక్షలు చేశారండి. బాగానే ఉందన్నారు. కానీ మీరు సంపూర్ణం అని రాశారు. సంపూర్ణం పక్కన 'బాగానే' ఏం నిలబడుతుంది చెప్పండి?"

"నేను చూసింది చూసినట్టే..."

"నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. ఎవరికైనా వందకి వంద వస్తే ఆ పేపరు రెండోసారి దిద్దుతాను. మీరు దిద్దారా?"

మూలన దూది చుడుతున్న జోజమ్మ చేతులు ఆగిపోయాయి.

వంశీ రిజిస్టరు తీశాడు. ఉదయ్ తర్వాత ఈ పరీక్షకి పదకొండు మంది వచ్చారు. పదిహేడు, ఇరవై మూడు, తొమ్మిది, ముప్ఫై ఎనిమిది, ఇరవై, పద్నాలుగు, యాభై ఒకటి, ఇరవై ఆరు, పన్నెండు, పంతొమ్మిది, ముప్ఫై మూడు. ఆ తొమ్మిది వచ్చినాయన ముగ్గురు పిల్లల తండ్రి. సగటు ఇరవై నాలుగు దగ్గర. సున్నా ఎక్కడా లేదు. సున్నా దరిదాపుల్లోకి కూడా ఎవరూ రాలేదు. ఈ అంకెలన్నీ తన చేత్తోనే రాశాడు, రాస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. రంగు వేసినప్పుడల్లా, రంగు సరిగ్గా పట్టిందో లేదో తెలియడానికి, లెక్క ముందే తెలిసిన స్లైడు ఒకటి పక్కన పెట్టి వెయ్యాలి. అందుకోసం తన సొంత శాంపిల్‌తో ముప్ఫై స్లైడ్లు చేసి పెట్టుకున్నాడు. వాటిలో దేనికి రంగేసినా నూటికి పదహారు నీలం రావాలి. ఉదయ్ వచ్చిన రోజున కూడా పెట్టాడు. పెట్టాడు గానీ, సున్నా చూసిన సంతోషంలో దాన్ని చూడలేదు.

పెట్టెలోంచి ఆ తేదీ స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. రెండు వందలు లెక్కపెట్టాడు. అంతా తెలుపే. పదహారు రావలసిన చోట సున్నా.

"ఆ రోజు రంగు పట్టలేదు" అన్నాడు నెమ్మదిగా. "ఎవరి స్లైడుకీ పట్టలేదు."

జోజమ్మ లేచొచ్చింది. "ఆ అబ్బాయి ఎక్కడ కూర్చున్నాడు బాబూ ఆ పూట?"

ముగ్గురూ తడిక వైపు చూశారు. వంశీ టేపు తెచ్చి రంగు గిన్నె దగ్గర్నుంచి కుర్చీ దాకా కొలిచాడు. ఐదు అడుగుల నాలుగు అంగుళాలు.

"నేను పొద్దున పాలల్లో చెంచాడు పెరుగు వేసి అన్నం కలుపుకొస్తానా, మధ్యాహ్నానికి తోడుకుని కమ్మటి పెరుగన్నం అవుతుంది" అంది జోజమ్మ. "ఆ రోజు మూత తీస్తే పాలన్నమే. నువ్వూ తిన్నావు, తియ్యగా ఉందక్కా అన్నావు. అప్పుడైనా మనిద్దరికీ బుర్ర వెలగలేదు చూడు!"

ఉదయ్ అప్పటి శాంపిల్‌తో చేసిన రెండో స్లైడు రంగు వెయ్యకుండా అలాగే ఉంది. ఒకసారి మందులో స్థిరపరిచిన కణాలు ఇక మారవు. ఆ రోజు ఎలా ఉన్నాయో ఎన్నాళ్లకైనా అలాగే ఉంటాయి. ఉదయ్ ఇప్పుడు మామిడి యార్డులో, ఇక్కడికి అర కిలోమీటరు దూరంలో లోడెత్తిస్తున్నాడు. వంశీ ఆ స్లైడునీ, తనదొకటినీ కలిపి రంగులో పెట్టాడు. ఐదు నిమిషాలు. సాయిప్రసన్న గోడ గడియారాన్నే చూస్తూ నిలబడింది.

తన స్లైడు: పదహారు. సరిపోయింది.

ఉదయ్ స్లైడు పెట్టగానే కంటికి నీలం కొట్టింది. లెక్కపెట్టాడు. రెండు వందలకి నూట నలభై రెండు. నూటికి డెబ్భై ఒకటి.

పక్కకి జరిగి ఆమెని చూడమన్నాడు. ఆమె ఒంటి కన్ను పెట్టి, పెదాలు కదుపుతూ, తనూ లెక్కపెట్టింది. తల ఎత్తి "నూట నలభై రెండు" అంది. ఏడవలేదు. కుర్చీ లాక్కుని, అప్పుడు కూర్చుంది.

"రేపు పదింటికి వచ్చి ఈ మాట చెప్తారా?"

"చెప్తానండి."

"అంత తొందరగా అనకండి. భయపడటానికి మీకు తెల్లారేదాకా టైముంది."

ఆమె వెళ్లాక జోజమ్మ దూది డబ్బా మూత పెడుతూ అంది: "గది ఆయనది. ఈ సందులో సగం ఇళ్లు ఆయనవి. పెట్టి నాలుగు నెలలు కాలేదు, తప్పు రాశానని నువ్వే నడిబజార్లో చెప్పుకుంటే రేపు మెట్ల మీద ఎవరు కూర్చుంటారు బాబూ?"

"చెప్పొద్దంటావా అక్కా?"

"నేనెందుకంటాను? నువ్వు చెప్పకపోతే నేనే వెళ్లి చెప్తాను. భయపడేదేదో లెక్క కట్టుకుని భయపడమంటున్నా."

గురువారం పదింటికి కమీషన్ కొట్లో ఐదు కుర్చీలు వేశారు. చుట్టూ కాయల వాసన, గడ్డి వాసన. బయట వేపచెట్టు కింద లారీ లోడయి ఉంది. కొట్టు గోడకి ఆనించి పెట్టారు కాబట్టి ఉదయ్ గుమ్మంలో కూర్చున్నా లోడుకి మనిషి దగ్గర్లో ఉన్నట్టే. ఒక కుర్చీలో శ్రీరాములు గారు, పక్కన సీతామహాలక్ష్మి. పెద్దమనిషిగా బియ్యం మిల్లు ఏడుకొండలు గారు. ఆయన ఒళ్లో స్టాంపు కాగితం. సాయిప్రసన్న తండ్రి తువ్వాలు నలుపుతూ నేలని చూస్తున్నాడు. ఆమె అతని వెనక నిలబడి ఉంది.

వంశీ లోపలికి రాగానే శ్రీరాములు గారు నవ్వాడు. "రావయ్యా. నీ కాగితం గురించే అనుకుంటున్నాం."

"ఆ కాగితం తప్పండి" అన్నాడు వంశీ.

నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"నేనే తప్పు రాశాను. ఉదయ్ అన్నలో ఏ లోపమూ లేదని కూడా అన్నాను. అదీ తప్పే." పొద్దున్నుంచీ బండి మీద వస్తూ బట్టీ పట్టిన మాటలు మధ్యలో తెగిపోయాయి. చివరికి జేబులోంచి స్లైడ్లు తీసి, సున్నా ఎలా వచ్చిందో, కుర్చీ ఎంత దూరంలో ఉందో, నిన్న ఎంతొచ్చిందో అంకెలు అంకెలుగా చెప్పేశాడు.

"మా కోడలు నిన్న నీ దగ్గరికి వచ్చిందట కదా" అంది సీతామహాలక్ష్మి. "ఏమిచ్చి పంపిందేమిటి?"

"చీవాట్లు పెట్టారండి" అన్నాడు వంశీ. "ఒకసారి దిద్దిన పేపరు మళ్లీ దిద్దమన్నారు."

ఏడుకొండలు గారు గొంతు సవరించుకున్నాడు. "అంటే అబ్బాయిది లోపమంటావు."

"లోపం అనకండి. లెక్కకి ఉన్నాయి, కదులుతున్నాయి. పచ్చిగా ఉన్నాయి, అంతే."

సాయిప్రసన్న తండ్రి చేతిలో తువ్వాలు ఆగింది. అందరి చూపులూ మెల్లగా గుమ్మం వైపు తిరిగాయి. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషే. పాలు, పిండి, పూలు, కాయలు, అన్నీ తెలుసు. ఆ తొమ్మిది అడుగుల లోపల మొట్టమొదట ఉన్నది అతనేనన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు.

ఉదయ్ చేతిలో మామిడికాయని తిప్పుతూ కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. లారీ మీద నాలుగేసి రోజులు ఒంటరిగా కూర్చుని అలవాటైపోయింది.

"వంశీ, ఢిల్లీలో లారీ ఆగాక నేను దిగి టీ తాగడానికి వెళ్తాను" అన్నాడు. "గంట, గంటన్నర. ఆలోపు లోడంతా పసుపు తిరుగుతుంది. నాలుగు రోజులు ఆగిందంతా ఒక్కసారి వచ్చేస్తుంది. బేరగాళ్లు దాని కోసమే నన్ను తొందరగా దిగమంటారు."

"అవునన్నా."

"మరి నా లోపలున్నవి నన్ను దాటి బయటికొస్తే?"

ఏప్రిల్‌లో శాంపిల్‌ని స్లైడు మీద పూసి స్థిరపరిచేదాకా ఉదయ్ ఆ తడిక పక్కనే ఉన్నాడు. దాన్ని అతనికి దూరంగా పెట్టి ఎవరూ చూడలేదు.

"టైమెంతయింది?" అన్నాడు ఉదయ్ లేస్తూ.

"పదీ ఇరవై" అంది సాయిప్రసన్న.

"పన్నెండింటికి కదా లారీ" అని, తండ్రి వైపు చూడకుండా మెట్లు దిగాడు. "నాన్నా, అప్పటిదాకా ఆ స్టాంపు కాగితం మీద ఎవరూ చెయ్యి పెట్టకండి."

పదీ ముప్ఫై ఐదుకి అతను శాంపిల్ ఇచ్చి, పరుగులాంటి నడకతో వెనక్కి వెళ్లి లారీ ఎక్కి కాయల మధ్య కూర్చున్నాడు. ఆలోపే గోడ వైపు ట్రేల్లో నాలుగు కాయలు రంగు తిరిగాయని డ్రైవరు గోల పెట్టాడట.

వంశీ వెంటనే ఒక స్లైడు చేశాడు. డెబ్భై ఒకటి. నిన్నటి అంకే. సీసాని ఒంటి వేడికి సమానంగా ఉండే పెట్టెలో పెట్టి తలుపు మూశాడు.

పదకొండూ ఐదుకి రెండోది. ఆపాటికి ఏడుకొండలు గారు ల్యాబ్‌లోకి వచ్చేశాడు, ఆయన వెనక సీతామహాలక్ష్మి, ఆమె వెనక ఎవరికీ ఏమీ కానట్టు శ్రీరాములు గారు. పది మంది పట్టని గదిలో అందరూ ఇరుక్కుని నిలబడ్డారు. యాభై ఎనిమిది.

"తగ్గిందా?" అన్నాడు ఏడుకొండలు.

"మాట్లాడకండి, లెక్క తప్పుతాడు" అని జోజమ్మ కసిరింది. బియ్యం మిల్లు ఓనరు నోరు మూసుకున్నాడు.

పదకొండూ ముప్ఫై ఐదుకి నలభై. ప్రతిసారీ పక్కన పెట్టిన తన స్లైడు పదహారు దగ్గరే నిలబడింది. వంశీకి ఇంకో భయం పట్టుకుంది. పండేలోపు అలిసిపోతాయేమో. ఒక చుక్క తీసి కదలిక చూశాడు. సగం ఇంకా ఈదుతున్నాయి. పన్నెండూ ఐదుకి ముప్ఫై ఒకటి. బయట నుంచి లారీ హారను పొడుగ్గా వినిపించింది. ఆగకుండా ఇంకొకటి.

"లోడు ఆగదు" అన్నాడు శ్రీరాములు గారు. ఆయనే మళ్లీ అన్నాడు, "ఇంకెంతసేపు?"

"నలభై నిమిషాలు చూద్దామండి."

ఈసారి వంశీ రంగు కడుగుతుంటే సీతామహాలక్ష్మి దగ్గరికి వచ్చింది. "నన్ను చూడనిస్తావా?" అని అడిగింది, ఇంతకుముందు గొంతు కాదది. వంగి, చాలాసేపు చూసింది. తెల్లటి తలలు, వాటి మధ్య అక్కడక్కడ నీలం. "ఇవి... వీటన్నిటికీ రంగు పోయిందేం?" అంది. వెనకే ఉన్న కోడలు జవాబు చెప్పింది: "పోలేదు అత్తయ్య గారూ. అక్కర్లేకుండా పోయింది."

పన్నెండూ నలభై ఐదు. వంశీ రెండు వందలు లెక్కపెట్టి, నమ్మకం చాలక ఇంకో రెండు వందలు లెక్కపెట్టాడు. నాలుగు వందలకి తొంభై రెండు. ఇరవై మూడు శాతం.

శ్రీరాములు గారి ఫోను మోగింది. ఉదయ్. ఆయన ఎత్తలేదు, కోడలి చేతికిచ్చాడు.

"ఇరవై మూడండి" అంది సాయిప్రసన్న. "పాతిక లోపు."

అటునుంచి ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ఆమె ముఖం కిందికి దించుకుని వింది. ఫోను తిరిగి ఇస్తుంటే మామగారు "ఇప్పుడు లారీ ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు. ఆరేళ్లలో ఆయన ఆమెని సలహా అడగడం అదే మొదలు.

"కదలనివ్వండి మావయ్య గారూ. ఆయన ఎంత దూరం వెళ్తే అంత మంచిది."

జోజమ్మ మొదట నవ్వింది. తర్వాత ఏడుకొండలు గారు. ఆయన ఒళ్లో ఉండాల్సిన స్టాంపు కాగితం కొట్లోనే మర్చిపోయి వచ్చాడు, దాని కోసం వెనక్కి కూడా వెళ్లలేదు.

ఆ సాయంత్రమే వంశీ పదకొండు మంది స్లైడ్లకీ తోడుగా పెట్టిన తన స్లైడ్లు ఒక్కొక్కటే మళ్లీ చూశాడు. అన్నీ పదహారు దగ్గరే ఉన్నాయి. అయినా పదకొండు మందికీ ఫోను చేసి, ఒక రిపోర్టు తప్పు ఇచ్చాననీ, మీది మళ్లీ సరిచూశాననీ చెప్పాడు. ఇద్దరు తిట్టారు. మర్నాడు తొమ్మిది టెస్టులే వచ్చాయి.

విజయవాడ డాక్టరమ్మ ఫోనులో అంతా వింది. "నేను తిరువూరు కోడల్నే. మీ ఊళ్లో ఉండే సంగతులు నాకు కొత్త కాదులే" అంది. "మామూలుగా గర్భసంచిలోకి ఎక్కించడానికి గంటలోపు తెచ్చిన శాంపిలే తీసుకుంటాం. మీది రెండు గంటల తర్వాతగానీ పనికిరాదంటున్నావు. మూడు గంటలు దాటితే కణాల్లో ఓపిక ఉండదు. మధ్యలో ఎప్పుడు తెస్తావో నువ్వే చూసుకో."

వంశీ చూసుకున్నాడు. మైలవరం మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సుకి రెండు గంటల పది నిమిషాలు. ఆటోకి పన్నెండు. మైలవరంలో గేదెలు అడ్డం వస్తే ఇంకో పది. తాపీగా వెళ్లే బస్సే కావాలి. కారులో తొందరగా వెళ్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చోవడం కంటే, దారిలోనే పండటం మేలు.

జూన్ రెండో శుక్రవారం సాయిప్రసన్నకి సరైన రోజు అయింది. ముందు రోజే ఆమె విజయవాడ వెళ్లింది. తోడు అత్తగారు వెళ్లింది, ఎవరూ అడక్కుండానే.

పొద్దున ఏడూ యాభైకి ఉదయ్ ల్యాబ్ వెనక తలుపులోంచి బయటికొచ్చి, సందు చివరిదాకా వెళ్లి నిలబడ్డాడు. ఢిల్లీ నుంచి రైల్లో వచ్చి రెండు రోజులే అయింది. వంశీ సీసాని దూదిలో చుట్టి, బనీను లోపల పొట్టకి ఆనించి, జోజమ్మ చేత గుడ్డతో బిగించి కట్టించుకున్నాడు.

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది అక్కా."

"నీకు కాదు, వాటికి అడుగుతున్నా" అని ముడి ఇంకొంచెం వదులు చేసింది.

విజయవాడ బస్సు అప్పటికే ఇంజను స్టార్టు చేసి ఉంది. వంశీ సగం దూరం వెళ్లాడో లేదో వెనక నుంచి కేక. ఉదయ్ పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో ఏదో కాగితం ఊపుతూ. భర్త సంతకంతో ఇవ్వాల్సిన ఒప్పుకోలు కాగితం. అది లేకుండా డాక్టరమ్మ సీసా ముట్టుకోదు. రాత్రి సంతకం పెట్టి జేబులోనే ఉంచేసుకున్నాడు.

"అక్కడే ఆగన్నా!" వంశీ అరిచాడు. బస్టాండులో జనం తిరిగి చూశారు. సంగతేమిటో వాళ్లకి తెలియదు గానీ, ఉదయ్‌ని చూసి పక్కకి జరిగి దారిచ్చారు. అరటిపళ్లమ్మే ఆవిడ మాత్రం గెలల మీద గోనెపట్టా లాక్కుంది, పళ్లు ఇవాళ మాగాలి మరి.

ఉదయ్ టక్కున ఆగాడు. మధ్యలో పాతిక అడుగులు. ఆ కాగితాన్ని పక్కనున్న సిమెంటు బెంచీ మీద పెట్టి, దాని మీద తన ఫోను బరువు పెట్టాడు. తర్వాత వెనక్కి నడవడం మొదలుపెట్టాడు, ముఖం ఇటే ఉంచి, పెదాలతో అడుగులు లెక్కపెట్టుకుంటూ.

"విజయవాడ, విజయవాడ! ఎక్కేవాళ్లు ఎక్కండి!" కండక్టరు తలుపు మీద చరిచాడు. బస్సు కదిలింది.

వంశీ బెంచీ దగ్గరికి పరిగెత్తాడు. ఫోను అక్కడే వదిలేసి కాగితం లాక్కున్నాడు. ఉదయ్ ఇంకా వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. టిక్కెట్ల కిటికీ దాటాడు, సైకిలు స్టాండు దాటాడు. ఇద్దరి మధ్యా ఇప్పుడు యాభై అడుగులు ఉంటాయి. చెయ్యి ఎత్తాడు, ఊపలేదు, అలాగే పట్టుకున్నాడు.

ఏడూ యాభై ఎనిమిది. పది గంటల ఎనిమిది నిమిషాలకి బెజవాడ బస్టాండు, పదీ ఇరవైకి ఆసుపత్రి. సరిగ్గా రెండున్నర గంటలు. వంశీ మనసులో లెక్క మూసేసి బస్సు వెంట పరిగెత్తాడు. ఎడమ చెయ్యి పొట్ట మీద సీసాని అదిమి పట్టుకుంది, కాగితం పళ్ల మధ్య ఉంది. కుడి చేతికి తలుపు కడ్డీ అందింది. ఫుట్‌బోర్డు మీదకి కాలు ఎత్తాడు.